రెండు పోర్టులతో భీవండికి

మా సిద్దిపేటకు సముద్రం లేదు. కోమటి చెరువు ఉంది. సాయంత్రం గాలికి దాని కట్ట మీద కూర్చుని మిర్చిబజ్జీ తింటూ అదే సముద్రమనుకుంటాం. అలాంటి ఊరి నుంచి రెండు పోర్టులు వెంటబెట్టుకుని బయలుదేరినవాణ్ని బహుశా నేనే మొదటివాణ్ని. ఓడరేవులు కావు లెండి. కారులో సిగరెట్టు ముట్టించుకోవడానికి ఒక బొక్క ఉంటుంది చూడండి, అందులో గుచ్చితే నీలం దీపం వెలిగి, రెండు ఫోన్లకు ఒకేసారి చార్జింగ్ ఎక్కించే బుడ్డ పరికరం. దానికున్న రెండు నోళ్లను పోర్టులంటారని బస్టాండు ఎదుట సెల్లు సామాన్లు అమ్మే ఆయన చెప్పాడు. "రెండు పోర్టులు సార్, ఇగ కార్ల కొట్లాటుండది," అని కూడా అన్నాడు. ఆ మాటకు మాత్రం గ్యారంటీ ఇవ్వలేదు.

పోయింది భీవండికి. మా దిక్కు నేత ఇళ్లలో "భీవండిల ఉన్నడు" అనే మాట "పక్క అర్రల ఉన్నడు" అన్నంత మామూలుగా వినిపిస్తుంది. ముంబై పక్కన మరమగ్గాల ఊరు అది. నాకు యాభై దాటాయి కానీ ఒక్కసారీ చూడలేదు. మా నాయిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికాడు, నేను ఫోటో స్టూడియోలో స్టూలు మీద బతుకుతున్నాను. పాస్‌పోర్టు ఫోటోలు తీసి సగం ఊరిని గల్ఫుకు సాగనంపాను. నేను మాత్రం హైదరాబాద్ దాటితే ఇంటికి తాళం వేశానా లేదా అని దిగులుపడే మనిషిని.

ఈ ప్రయాణం మా బావ సత్తయ్య కోసం. మా రాజక్క భర్త. సగం జీవితం భీవండి మగ్గాల మధ్య గడిపి, చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. ఆయన తమ్ముడు భూమయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. పోయినేడాది భూమయ్య భార్య కమల చనిపోయింది. ఆ కబురు భూమయ్యే ఏడుస్తూ అన్నకు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు బావ కాలు విరిగి, పట్టీ వేయించుకుని మంచం మీద ఉన్నాడు. అక్క కూరగాయలకు పోయింది, ఇంట్లో మరెవరూ లేరు. ఫోన్ ఎత్తిన అన్న ఒక్క మాట కూడా అనలేదని, అయ్యో అని కూడా అనలేదని భూమయ్య బాధ. ఆ రోజు నుంచి అన్నతో మాటల్లేవు. అక్క తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పాపం, బావకు వినబడి ఉండదని మేమంతా సర్దిచెప్పుకున్నాం. బావ మాత్రం, "నేను జవాబు చెప్పిన," అనే అంటాడు. చెవిటివాడి మొండితనమని ఆ మాటను ఎవరం పట్టించుకోలేదు.

ఇప్పుడు కమల సంవత్సరీకం వచ్చింది. భూమయ్య కూతురు సుజాత ఫోన్‌లో పిలుపు పంపింది. బావకు కొత్తగా చెవి మిషిను వచ్చింది, రెండు చెవులకు రెండు చిన్న గింజల్లాంటివి. వాటికొక డబ్బా. ఆ డబ్బాకు వైరు, వైరు చివర పోర్టు.

"ఈపాలి వాని మాట ఇంట, నోటితోటి జవాబు చెప్త," అన్నాడు బావ. అందుకే చార్జర్ కొన్నాను.

తూప్రాన్ దాకా

కారు మహమూద్‌ది. మా స్టూడియో పక్క సందులో ఉంటాడు, కిరాయికి తిప్పుతాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, ఇంజన్ మొరాయిస్తే రెండూ. చార్జర్ చూసి మురిసిపోయాడు. "నేను సిగరెట్ బంద్ జేసిన కాన్నించి ఆ బొక్క బేకార్ పడున్నది సాబ్. ఇయ్యాల దానికి నౌకరీ దొరికింది."

గజ్వేల్ దాటకుండానే కొట్లాట మొదలైంది. ఒక పోర్టు మహమూద్ ఫోన్‌కు పోయింది, దారి అందులోనే ఉంది మరి. రెండోది బావ డబ్బాకు. ఇక మిగిలింది అక్క ఫోనూ నా ఫోనూ. పోర్టులు మిగల్లేదు.

"జెరసేపు గా డబ్బ తీసి నాది పెట్టు తమ్మీ, మనుమరాలు ఫోన్ జేస్తది," అంది అక్క.

"తియ్యం," అన్నాను. "మనం పోయేదే ఆ చెవుల కోసం. దారిల ఆగిపోతే ఎట్ల?"

"ఓహో, మా తమ్ముడు మినిస్టరైండు, కరెంటు శాఖ ఇచ్చిన్రు."

నేను నిజంగానే మంత్రిలా ముందు సీట్లో కూర్చుని, ఆ వైరు మీద చెయ్యి తియ్యకుండా కాపలా కాశాను. డబ్బా మీద చిన్న దీపం వెలుగుతోంది. వెనక సీట్లో బావ చెవుల్లో మిషిన్లు పనిచేస్తున్నాయి. అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

బావకు ఆ మిషిన్లు చెవిలో పడి వారమే అయింది. ప్రతి చప్పుడూ కొత్తే. అద్దం దించితే గాలి చప్పుడుకు నవ్వాడు. మహమూద్ గేరు మార్చినప్పుడల్లా "గిదేంది?" అన్నాడు. అక్క చేతి గాజులు కదిలితే మెడ తిప్పి చూశాడు. కాసేపటికి, "నీ గొంతు గింత సన్నగుంటదానే?" అన్నాడు ఆమెతో.

అక్క నా వైపు చూసింది. "సూసినవా తమ్మీ, ఇన్నేండ్లు తిట్టిన తిట్లన్నీ ఉత్తగనే పోయినయి."

జహీరాబాద్ దాటినంక

పొద్దెక్కేసరికి జహీరాబాద్ వచ్చింది. అక్కడితో తెలుగు బోర్డులు పలచబడ్డాయి. కాసేపు కన్నడం, ఆ తర్వాత మరాఠీ. అన్నం తిన్న చోటును బట్టి రాష్ట్రం మారిందని తెలుసుకోవడం నా పద్ధతి. హుమ్నాబాద్ దగ్గర హోటల్లో సాంబారులో బెల్లం తగిలింది. ఉమర్గా దగ్గర అన్నం ఇంకొంచెం అడిగితే, ముందు రొట్టె తినమన్నట్టు చూశారు. మన దగ్గర అన్నం ఎంత పెట్టించుకున్నా లెక్క అడగరు, అప్పడానికే లెక్క. అక్కడ అప్పడం పళ్లెంలో వచ్చి పడుతుంది, అన్నానికే లెక్క. అక్క ఈ గొడవంతా ముందే ఊహించినట్టుంది, బియ్యప్పిండిలో పల్లీలు కలిపి సర్వప్ప కాల్చి స్టీలు డబ్బా నిండా తెచ్చింది. ఆ డబ్బాకు చార్జింగ్ అక్కర్లేదు, మధ్యాహ్నానికల్లా ఖాళీ అయింది.

నా ఫోన్ అప్పటికే చచ్చిపోయింది. అక్కది అంతకు ముందే. మొదట్లో జేబులో ఎలుక చచ్చినట్టు అనిపించింది. చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోతుంది, తీస్తే నల్లటి అద్దంలో నా మొహమే కనిపిస్తుంది. ఫోటోలు తీసి బతికే నాకు నా మొహం అంతసేపు చూసుకోవడం అలవాటు లేదు. కనుక కిటికీలోంచి చూశాను.

చూస్తే, కందిచేలు ఉన్నాయి. నల్లరేగడి మీద దున్నిన గీతలు కారుతో పాటు తిరుగుతున్నాయి. మాట్లాడుకోవడానికి టైముంది. మహమూద్ వాళ్ల నాయిన కూడా ఒకప్పుడు భీవండిలో లారీల మీద బట్టల బేళ్లు ఎత్తాడని ఆ రోజే తెలిసింది. పదేళ్లుగా పక్క సందులో ఉన్నాం, రోజూ టీ తాగుతాం, ఎప్పుడూ అడగలేదు. "మీరు ఫోన్ల సూస్తుంటరు సాబ్, నేను రోడ్డు సూస్తుంట, ఎవలం ఎవలను అడుగుతం?" అన్నాడతను.

షోలాపూర్

రాత్రికి షోలాపూర్‌లో ఆగాం. కారు చార్జర్ ఉంది కదా అని గోడకు గుచ్చేది ఎవరం తేలేదు, ఫోన్లు రాత్రంతా చచ్చినట్టే పడి ఉన్నాయి. ఇక్కడ కూడా సగం ఊరు మనవాళ్లే. తాతల కాలంలో మగ్గాలు నెత్తిన పెట్టుకుని వచ్చి దుప్పట్లు, తువ్వాళ్లు నేస్తూ ఉండిపోయారు. మేం తిన్న చిన్న భోజనశాల నడిపే ఆవిడ అలాంటి ఇంటి మనిషే. ఆమె తెలుగు మా నాయనమ్మ తెలుగులా ఉంది, మధ్యమధ్య మరాఠీ అతుకులతో.

"ఏ ఊరు మీది?" అంది.

"సిద్దిపేట."

"అంటె మనదే," అంది. తను ఎన్నడూ చూడని ఊరిని మనదే అనడంలో ఆమెకు ఏ సందేహమూ లేదు. సగం జీవితం గడిపిన భీవండిని మళ్లీ మనదే అనుకోవడానికి బావ మాత్రం ఇంతదూరం పోవాల్సి వస్తోంది.

ఆమె కడక్ భాకరీ పెట్టింది. జొన్నరొట్టే, కానీ అప్పడంలా ఎండబెట్టి పెళపెళలాడేలా చేస్తారు. నెలైనా పాడుకాదట. పక్కన పల్లీల కారప్పొడి, దాని మీద పెరుగు. మన జొన్నరొట్టె పొయ్యి మీంచి దిగీ దిగకముందే తినాలి. ఇక్కడిది ఓపికగా ఎదురుచూస్తుంది. వలస పోయినవాళ్ల రొట్టె అట్లాగే ఉండాలేమో అనిపించింది. బావ ఒక ముక్క కొరికి ఉలిక్కిపడ్డాడు. "నా నోట్లె గింత సప్పుడైతదా!" మళ్లీ కొరికాడు. రొట్టె రుచి కోసం కాదు, చప్పుడు కోసమే రెండు రొట్టెలు తిన్నాడు.

పొద్దున టీ తాగుతుంటే ఒక సంగతి జరిగింది. రోడ్డుకు అవతల తువ్వాళ్ల కార్ఖానా గేటు. డ్యూటీ దిగిన ఒకామె ఇవతల సైకిల్ పట్టుకున్న మొగుడి వైపు చూస్తూ నోరు పెద్దగా కదిలిస్తోంది, వేళ్లు తిప్పుతోంది. మధ్యలో లారీలు పోతున్నాయి. ఒక్క మాట వినపడదు. ఆయన కూడా అట్లాగే జవాబిస్తున్నాడు.

బావ పకపకా నవ్వాడు.

"ఏమైంది?" అన్నాను.

"కూరల ఉప్పెక్కువైందట. నోరు మూసుకొని తినమంటుంది."

"నీకెట్ల ఇనబడ్డది?"

"ఇనుడేంది? మగ్గాల షెడ్డుల మాటెవడు మాట్లాడుతడు? నూలు కండె అయిపోతె గిట్ల," చూపుడువేలు గిరగిర తిప్పాడు. "సేటు వస్తుండంటె గిట్ల," లేని మీసం దువ్వాడు. "చాయ్‌కి గిట్ల. సెవుల కాడికి వచ్చి అరిసినా ఇనబడది గద. పెదవులు సూడాలె, చేతులు సూడాలె. సరే అంటె తలకాయ ఊపాలె. అంతే."

నేను అప్పటికి ఆ సంగతిని ఒక వింతగా మాత్రమే మనసులో రాసుకున్నాను.

భిగవణ్‌లో చాయ్

రెండో రోజు ఎండ పైకి వచ్చేసరికి భిగవణ్ దగ్గర ఆగాం. పక్కనే పెద్ద డ్యామ్ నీళ్లు. రోడ్డు పొడవునా చేపల వేపుడు వాసన. సంవత్సరీకానికి పోతూ నీసు ముట్టొద్దని అక్క హుకుం జారీ చేసింది. మహమూద్‌కు మాత్రం మినహాయింపు. అతను ప్లేటు తెచ్చుకుని మా ఎదురుగా కూర్చోబోతే, "ఆ మూలకు పోరా నాయినా, మా మనసు పాడుచెయ్యకు," అంది. అతను మూలకు పోయాడు కానీ అక్కడి నుంచే రుచి గురించి చెబుతూ ఉన్నాడు. మేం ముగ్గురం ఉత్త చాయ్ తాగాం. చాయ్ మన దగ్గరి కంటే చవక, గ్లాసు కూడా దానికి తగినట్టే ఉంది.

అక్క చేతులు కడుక్కోవడానికి పోయింది. బావ నీళ్ల వైపు చూస్తూ ఉన్నాడు. ఫోన్ లేదు కాబట్టి నేనూ నీళ్లే చూశాను. ఎప్పటి నుంచో అడగాలనుకున్నది అడిగాను.

"బావా, ఆనాడు భూమయ్య ఫోన్ జేసినప్పుడు నీకసలు ఏమన్న ఇనబడ్డదా?"

"ఏడ్సుడు ఇనబడ్డది. కమల అన్న పేరు ఇనబడ్డది. ఇంకేం గావాలె? సమజైంది."

"మరి మాట్లాడకపోతివి."

"ఎందుకు మాట్లాడలె? జవాబు చెప్పిన."

"ఏమని చెప్పినవ్?"

బావ గ్లాసు పక్కన పెట్టాడు. ఎడమ చెయ్యి చెవి దగ్గర ఫోన్‌లా పట్టుకున్నాడు. కళ్లు మూశాడు. తల మెల్లగా కిందికి, పైకి, మళ్లీ కిందికి ఊపాడు. కుడి అరచెయ్యి ఛాతీ మీద పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు. ఆ చేత్తోనే మోకాలు చూపించి, లేవలేనని వేళ్లు ఆడించాడు. మళ్లీ చెయ్యి ఛాతీ మీదికే వచ్చింది.

"గిట్ల చెప్పిన," అన్నాడు కళ్లు తెరిచి. "నేనున్న, కాలిరిగింది, రాలేను, నేనున్న అని."

నాకు నవ్వు రాబోయింది.

"బావా, ఫోన్ల కనబడతదా?"

బావ నా వైపు చూశాడు. తర్వాత తన చేతి వైపు చూసుకున్నాడు, అది ఇంకా ఛాతీ మీదే ఉంది. ఏడాదిగా ఆయనకు ఆ అనుమానమే రాలేదు. ఇన్నేళ్లూ ఆ చెయ్యి జవాబు చెప్పింది, ఎదుటివాడు అందుకున్నాడు. ఆ రోజు కూడా చెప్పింది. మూడు రాష్ట్రాల ట్రాఫిక్‌లో చిక్కినట్టు ఎక్కడో ఆగిపోయిందంతే. తమ్ముడేమో ఎన్నడూ చూడకుండా మాట్లాడిన మనిషి కాదు. చెవికి ఫోన్ ఆనించుకుని, ఏడుస్తూ, అన్న మొహం కోసం చీకట్లో చూశాడన్నమాట.

"వానికి కనబడలే," అన్నాడు బావ మెల్లగా. "నేను ఎంత ఊపిన్నో వానికి కనబడనే లేదు."

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏందట్ల కూసున్నరు ఇద్దరు?" అంది. ఇద్దరం ఏం లేదన్నాం. కారు ఎక్కాక బావ తనే చెప్పాడు ఆమెకు. పుణే ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు అక్క, "తలకాయ ఊపినని నాకు చెప్పినా నేను సుజాతకన్న ఫోన్ల చెప్పకపోదునా," అంది. తిట్టులాగా మొదలై మధ్యలో ఏడుపులా విరిగింది. బావ విన్నాడు. విన్నాడని మాకందరికీ తెలిసింది, ఎందుకంటే తల ఊపలేదు. "తప్పే," అన్నాడు నోటితో.

ఘాట్ దిగుతూ

లోనావాలా దగ్గర చిక్కీ కొనకపోతే ఆ రోడ్డు మీద కారు ముందుకు కదలదని మహమూద్ నమ్మకం. కొన్నాం. మన పల్లీపట్టీకి ఇది మేనత్త కూతురు, కాకపోతే ప్యాకెట్ కట్టుకుంది, ధర కట్టుకుంది. ఘాట్ దిగుతుంటే బావవి తప్ప అందరి చెవులూ దిబ్బడేశాయి. కాసేపు మేం ముగ్గురం చెవిటివాళ్లం, బావ ఒక్కడే వినేవాడు. మమ్మల్ని చూసి నవ్వాడు.

దారంతా బావ నోటి మాట సాధన చేశాడు. "భూమీ, నేను ఆనాడు..." అని మొదలుపెడతాడు, ఆగుతాడు. "భూమీ, కోపం జెయ్యకు..." ఆగుతాడు. చేతులు వాటంతటవే లేస్తాయి, వాటిని తొడల కింద పెట్టుకుంటాడు. పరీక్షకు పోయే పిల్లవాడి కంటే అన్యాయంగా ఉంది ఆయన పరిస్థితి. నేను డబ్బా దీపం చూసి, "చార్జింగ్ ఫుల్లున్నది బావా, రంది పడకు," అని ధైర్యం చెప్పాను. ఆ ప్రయాణంలో నేను పూర్తి నమ్మకంతో చెప్పిన మాట అదొక్కటే.

భీవండి

భీవండి ముందు చెవికి కనిపిస్తుంది. గోదాములు, లారీలు, ఎగుడుదిగుడు రోడ్లు దాటి సందుల్లోకి మళ్లామో లేదో, గోడల వెనక నుంచి డబడబడబమని ఒకటే మోత. నేల కూడా సన్నగా వణుకుతున్నట్టుంది. గడపలకు మన ముగ్గులు, మన పసుపు. మేడ మీంచి ఒకామె మన యాసలోనే పక్కింటామెతో కొట్లాడుతోంది. దిగకుండానే ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

సుజాత ఎదురొచ్చింది. అక్క ఆమెను పట్టుకుని ఏడ్చింది. "నాయిన షెడ్డుల ఉన్నడు పెద్దనాయినా," అంది సుజాత కళ్లు తుడుచుకుంటూ. "మీరొస్తున్నరని చెప్పిన. ఇన్నడు, లేసి పనికి వోయిండు."

షెడ్డు ఇంటి వెనకే. నేను, బావ పోయాం. గుమ్మం దగ్గరే మోత ఛాతీకి తగిలింది. లోపల గొట్టపు దీపాల కింద రెండు వరసల మగ్గాలు, గాలిలో తేలే దూది, ఆ మధ్యన భూమయ్య. కనుబొమ్మల మీద తెల్లటి దుమ్ము. మమ్మల్ని చూశాడు. చూసి, మగ్గం మీదికి వంగి, తెగని దారాన్ని ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

బావ గుమ్మంలో ఆగి చెవులు తడుముకున్నాడు. ఒకదాన్ని నొక్కాడు, రెండోదాన్ని నొక్కాడు. నా వైపు తిరిగి, అరచెయ్యి బోర్లించాడు. ఆ సైగ నాక్కూడా అర్థమైంది. మిషిన్లు చచ్చిపోయాయి.

నేను కారు దగ్గరికి పరిగెత్తాను. "డబ్బా!" అన్నాను మహమూద్‌తో. అతను వైరు పీకి ఇచ్చాడు. మూత తెరిచాను. లోపల రెండు చిన్న గుంటలు, రెండూ ఖాళీ. మిషిన్లు ఆ గుంటల్లో కూర్చుంటేనే చార్జింగ్ అని అప్పుడు తెలిసింది. పాటలు గాల్లో వస్తున్నాయి, పెళ్లి పిలుపులు గాల్లో వస్తున్నాయి, కరెంటు కూడా డబ్బా నుంచి చెవికి గాల్లోనే పోతుందనుకున్నానన్నమాట. బావేమో వినే సంబరంలో రెండు రోజులు వాటిని చెవి నుంచి దించలేదు. షోలాపూర్‌లో పడుకునేటప్పుడు తీసి రుమాలులో మూటగట్టి తలకింద పెట్టుకున్నాడట. డబ్బా కారులోనే ఉంది, నా కాపలాలో.

మహమూద్ డబ్బాలోకి చూశాడు, నన్ను చూశాడు. "క్యా సాబ్, ఖాళీ డబ్బకు చార్జింగ్ పెట్టి సిద్దిపేట కెల్లి తెచ్చినమా? ఆపా ఫోన్ పెట్టనియ్యక?"

"అక్కకు చెప్పకు," అన్నాను.

తిరిగి వచ్చేసరికి బావ గుమ్మంలో లేడు. మగ్గాల వరసల మధ్య నుంచి నడిచిపోయి, భూమయ్య మగ్గానికి అవతల వైపు, సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరి మధ్య బట్ట సాగుతోంది. బావ ఎడమ చెయ్యి చెవి దగ్గరికి పోయింది. కళ్లు మూశాడు. తల ఊపాడు. కుడి చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. కాలు చూపించాడు. మళ్లీ ఛాతీ.

భూమయ్య చూస్తున్నాడు. మొదటిసారికి మొహంలో కోపమే ఉంది. బావ మళ్లీ మొదటి నుంచి చేశాడు. రెండోసారి, తల ఊపే దగ్గర, భూమయ్య నోరు కొంచెం తెరుచుకుంది. చెయ్యి చెవి దగ్గర పెట్టి ఏదో అడిగాడు. బావ అవునన్నాడు. భూమయ్య ఇంకేదో అడిగాడు, వేళ్లు గబగబా కదిలాయి. బావ చేతులు అంతకంటే గబగబా బదులిచ్చాయి. కారులో రెండు రోజులు తొడల కింద పెట్టుకున్న చేతులు అవి. అంత మోతలో ఆ ఇద్దరి మాటలు ఒక్కటి కూడా పోవడం లేదు. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఆ షెడ్డులో చెవిటివాణ్ని నేనే.

అప్పుడు కరెంటు పోయింది.

ఒక్క మా షెడ్డే కాదు, సందు సందంతా ఒక్కసారి ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు కూడా తెలుస్తోంది. ఆ నిశ్శబ్దంలో భూమయ్య గొంతు బయటికి వచ్చింది, మగ్గాల మోతకు అలవాటైన పెద్ద గొంతు.

"తలకాయ ఊపినవా అన్నా? ఫోన్ల తలకాయ ఊపినవా! నేనిక్కడ కమలను కింద పండవెట్టుకొని, నీ మాట కోసరం... ఏడాది... ఏడాది నాకు అన్న లేడనుకున్న!"

బావ చెవులు చూపించి, అరచెయ్యి బోర్లించాడు.

"ఏమైంది?" అన్నాడు భూమయ్య నాతో.

"మిషిన్ల చార్జింగ్ లేదు," అన్నాను. చేతిలో డబ్బా దాచుకోవడానికి చోటు లేదు.

"ఇంట్ల పెడదమంటె కరెంటు లేకపాయె. ఎప్పుడొస్తదో తెల్వది." భూమయ్య చుట్టూ చూశాడు. "కారేసుకొచ్చినరు గద? కార్ల చార్జింగ్ ఉంటదా?"

"ఉన్నది," అన్నాను. "రెండు పోర్టులు."

కారులో

బావ చెవుల్లోంచి మిషిన్లు తీసి భూమయ్యే స్వయంగా గుంటల్లో కూర్చోబెట్టాడు. కండె బిగించిన వేళ్లు కదా, మొదటి ప్రయత్నానికే టక్కున కూర్చున్నాయి. మహమూద్ ఇంజన్ తిప్పాడు. నీలం దీపం వెలిగింది. ఈసారి డబ్బాలో మరో రెండు చిన్న ఎర్ర దీపాలు కూడా వెలిగాయి. సిద్దిపేట నుంచి అవి వెలగనే లేదని అప్పుడు గమనించాను. రెండో పోర్టు అక్కకు దక్కింది. ఎందుకు దక్కిందో ఆమె అడగలేదు, మహమూద్ చెప్పలేదు. అతని మీద గౌరవం పెరిగింది.

అన్నదమ్ములు వెనక సీట్లో కూర్చున్నారు. సుజాత అందరికీ చాయ్ తెచ్చింది. సందులోని మగ్గాలోళ్లు అరుగుల మీదికి వచ్చి కూర్చున్నారు, ఒకరిద్దరు కారు అద్దంలోంచి తొంగిచూసి బావను గుర్తుపట్టి చెయ్యి ఊపారు. బావ ఊపాడు. చాలామందితో చాలా మాట్లాడేశాడు, నోరు విప్పకుండానే.

నేను మంత్రిపదవి పోయిన మనిషిలా ముందు సీట్లో ఓ పక్కకు కూర్చుని, నష్టం కొంతైనా పూడ్చుకోవాలని, "పావుగంట పెడితె చాలు, కొద్దిగ ఇనబడతది," అన్నాను.

"కొద్దిగెందుకు?" అన్నాడు భూమయ్య. కండువాతో మొహం మీది దూది తుడుచుకున్నాడు, దాంతోపాటు ఇంకొంత తడి కూడా పోయింది. "నిండనియ్యి. ఏడాది తిట్లున్నయి."

బావ ఆయన పెదవులే చూస్తున్నాడు. తల ఊపాడు.

భూమయ్య అన్న గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. "ఊపుడు గాదు," అన్నాడు, ఒక్కో అక్షరం పెదవుల మీద పెద్దగా పలుకుతూ. "నోటితోని చెప్పు."

బావ చేతులు లేచాయి. లేచి, తమ్ముడి మోకాలి మీద ఆగిపోయాయి.

"తిట్టు తమ్మీ," అన్నాడు. "ఇంట."